చేతులు చూస్తూ చెన్నై వీధుల్లో

గురువారం

నెల్లూరులో పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు చెన్నై సెంట్రల్. బాబాయి స్టేషన్‌కి వచ్చాడు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ దిగేవాళ్ల మొహాలకంటే ముందు పెట్టెల కింది చక్రాలకేసి చూస్తాడు.

పక్కనే సబర్బన్ రైళ్లు బయల్దేరే భవనం చూపించి "మూర్ మార్కెట్ ఇక్కడే ఉండేదమ్మా" అన్నాడు. పాత పుస్తకాలకి పేరుపడ్డ ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది. జీతం రాగానే అక్కడికి పోయి తెలుగు నవలలు సగం ధరకి కొనేవాడట, చదివేసి మళ్లీ అదే కొట్లో ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకునేవాడట. రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో తాంబరం లోకల్ ఎక్కాం. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా ఈ కరెంటు బండ్లు 1931 నుంచీ తిరుగుతున్నాయి. మాంబళంలో దిగితే పిన్ని ఇల్లు నడిచిపోయేంత దూరం.

"ఏం పని మీద వచ్చావే?" అని పిన్ని అడిగితే ఉన్నమాట చెప్పాను. ఈమధ్య చదువుతున్న తెలుగు కథల్లో మనుషులు ప్రేమించుకుంటారు, విడిపోతారు, గుమ్మంలో నిలబడి పాత సంగతులు తలచుకుంటారు. పొద్దున లేచి వాళ్లు చేసే పనేమిటో, ఆ పని చేసేటప్పుడు వాళ్ల చేతులు ఎట్లా ఆడతాయో చాలా కథల్లో కనపడదు. మనిషి పని తెలియకుండా ఆ మనిషి కథ రాయలేమని నా నమ్మకం. ఆ పనులన్నీ నలుగురికీ కనపడేట్టు జరిగేది వీధుల్లోనే. అందుకే ఈ ఊరు.

పిన్ని తల ఊపి, "అయితే సాయంత్రం రంగనాథన్ వీధికి పోదాం పద. నాకు రెండు నైటీలు కూడా కావాల" అంది.

మాంబళం స్టేషన్ నుంచి ఉస్మాన్ రోడ్డుకి పోయే ఆ వీధిలో సాయంత్రం పూట మన కాళ్లతో మనం నడవం, జనమే నడిపిస్తారు. అక్కడ ఎక్కువసేపు నిలబడి చూడటం కుదరదు. 2023లో స్టేషన్ నుంచి బస్టాండు దాకా కట్టిన స్కైవాక్ మీదికెక్కి కాసేపు కిందికి చూశాం. పైనుంచి చూస్తే తలలు, సంచులు, బుట్టలు తప్ప ఇంకేం తెలియదు. కథకి పనికొచ్చే ఎత్తు కాదది. దిగొచ్చేశాం.

శుక్రవారం

తెల్లవారకముందే పనగల్ పార్కు వైపు నడిచాను. ఈ పేటకున్న త్యాగరాయనగరు అన్న పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది. పార్కు పేరు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) ఉన్న పానగల్ రాజాది, ఇంటిపేరు పానగంటి. ఇద్దరూ తెలుగువాళ్లే. పాండీ బజారు మీదుగా నడుస్తుంటే ఈ వివరాలు బాబాయి గొంతులోనే గుర్తొస్తాయి, చిన్నప్పుడు సెలవలకొచ్చినప్పుడల్లా ఆయన చెప్పినవే కాబట్టి.

అంగళ్ల షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. పొడుగాటి వెదురు కర్రకి ఈనెల చీపురు కట్టి ఒకామె రోడ్డు ఊడుస్తోంది. ఇంటికి ఫోన్ చేసి పాప లేచిందా అని అడుగుతున్నాను. నా మాట విని ఆమె చీపురు ఆపింది.

"నెల్లూరా మీది?"

వాళ్ల తాత కావలి దగ్గరి పల్లె నుంచి ఈ ఊడ్చే పనికే వచ్చాడట. ఈ నగరం వీధులు శుభ్రం చేసేవాళ్లలో చాలామంది ఇట్లా తరాల కిందట మన జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పిల్లల చదువు మాత్రం తమిళం. "మాట్లాడతాం మా. రాయను, చదవను మాకెవరు నేర్పించినారు?" అంది.

నిలబడి మాట్లాడే తీరిక ఆమెకి లేదు, ఊడుస్తూనే చెప్పింది. చెత్తని చూసి నిన్న ఏ అంగట్లో ఏం జరిగిందో చెప్పగలదు. చొక్కా కాలర్లలో పెట్టే ప్లాస్టిక్ పట్టీలు ఎక్కువ పడితే ఆ కొట్లో ఆఫర్ పెట్టినట్టు. చీరల అట్టలు తడిసి ఉంటే రాత్రి ఎవరో గోడౌన్ కడిగినట్టు. అన్నిటికంటే భయం గుండుసూదులట. కొత్త బట్టల మడతల్లోంచి తీసి అట్లాగే పారేస్తారు. ఈనెల్లో ఇరుక్కుంటాయి, చీపురు కొసలు సమంగా రావాలని అరచేత్తో తట్టినప్పుడు గుచ్చుకుంటాయి. అందుకని ఆమె అరచేత్తో తట్టదు. చీపురు తిరగేసి కర్రని నేలకేసి రెండు దెబ్బలు కొడుతుంది. బట్టల కొట్ల ముందు చెత్తని చేత్తో తీయదు, రెండు అట్టముక్కల మధ్య పట్టి ఎత్తుతుంది.

నేను కథలు రాస్తానని చెప్పి, మీ మాటలు రాసుకోవచ్చా అని అడిగాను. "రాసుకో, పేరు మాత్రం ఎయ్యొద్దు" అంది. అడక్కుండా ఎవరి బతుకునీ నోట్‌బుక్‌లోకి ఎక్కించకూడదు. ఫోటోలు అసలే వద్దు. ఫోన్ ఎత్తామంటే ఎదుటి మనిషి చేతులు పని మానేస్తాయి, జుట్టు సవరించుకుంటాయి.

తెల్లగా తెల్లవారేసరికి పూలమ్మేవాళ్లు వచ్చారు. శుక్రవారం కదా, బుట్టలు నిండుగా ఉన్నాయి. ఒకామె పలక చెక్క మీద కూర్చుని తడి గోనెపట్టా తీసి మల్లెమొగ్గలు ముందేసుకుంది. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చోవచ్చా అని తమిళంలో అడిగి, రెండు మూరలు కొని, చాలాసేపు కూర్చున్నాను.

అరటినార నీళ్లలో నాని ఉంటుంది. బొటనవేలి గోటితో దాన్ని సన్నగా చీలుస్తుంది. ఎడమచేతి వేళ్ల మధ్య రెండు మొగ్గలు అటు, రెండు ఇటు, కాడలు లోపలికి. కుడిచేత్తో నార చుట్టి, మెలేసి, లాగుతుంది. ముడి పడిన సంగతి చూపుకి తెలియదు, మాల పొడుగు పెరుగుతుంటే తెలుస్తుంది. ఆమె ఒక్కసారి కూడా చేతుల వైపు చూడలేదు. ఆమె చూపంతా వచ్చేపోయేవాళ్ల మీద, ఆఫీసుకి పరుగెత్తే ఆడవాళ్ల జడల మీద. ఖాళీ జడ కనపడితే "వామ్మా", అంటే రామ్మా, అని కేక. మోచేతి దగ్గర మొదలుపెట్టి వేలి కొస దాకా ఒక మూర, ఆ పైన రెండంగుళాలు కొసరు. ఆ కొసరు ఎవరికి ఎంత అన్నది మొహం చూసి ఇచ్చేది.

ఇంతలో ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే కడుతోంది. కొడుకు అనుకుంటా. కాలేజీ ఫీజు, బస్సు పాసు, చెల్లెలి సంగతులు. వేళ్లు అదే వేగంతో నడుస్తున్నాయి. అవతలి గొంతు ఏమందో గాని ఈమె "డాక్టర్ ఎన్న సొన్నారు?" అని అడిగింది. ఆ ఒక్క క్షణం ముడి జారింది. నాలుగు మొగ్గలు ఒళ్లో పడ్డాయి. ఏరుకుని మళ్లీ కట్టడం మొదలుపెట్టింది.

ఆ డాక్టరు ఎవరికి, ఏం చెప్పాడు అన్నది నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కానీ అంతసేపు ఆమె చేతులు చూసి ఉండకపోతే ఆ ముడి జారడం నాకు కనపడేదే కాదు. వీధిలో కథ ఇట్లా దొరుకుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. రోజూ జరిగే పని ఎట్లా జరుగుతుందో ముందు తెలియాలి. అప్పుడే అది ఎక్కడ ఆగిందో పట్టుకోగలం.

శనివారం

బాబాయి తోడురాగా జార్జిటౌన్. చెన్నైలో రాసేవాళ్లు ఒక్క చోటికే పోగలిగితే ఇక్కడికే పొమ్మంటాను. ఒకప్పుడు పెద్దనాయకన్‌పేట, ముత్యాలపేట అని రెండు భాగాలు. పొట్టి శ్రీరాములుగారు 1901లో పుట్టింది ఈ సందుల్లోనే, అణ్ణాపిళ్లై వీధిలో. కొత్వాల్ చావడిలో కూరగాయల హోల్‌సేల్ ఉండేది, 1996లో కోయంబేడుకి తరలిపోయింది. మార్కెట్ పోయినా సరుకుల కొట్లు పోలేదు, సందులో అడుగుపెడితే ఎండుమిర్చి ఘాటు ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. ఒక్కో వీధికీ ఒక్కో సరుకు. గోడౌన్ స్ట్రీట్‌లో బట్టలు, దేవరాజ మొదలి వీధిలో అద్దాలు, పటాలు. ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితం, పెళ్లిపత్రికలు.

మింట్ స్ట్రీట్‌లో మురుకు శాండ్‌విచ్ తిన్నాం. రెండు మురుకుల మధ్య దోసకాయ, టమాటా, పచ్చ చట్నీ. బాబాయికి నచ్చలేదు. నాకు బ్రహ్మాండంగా నచ్చింది.

ఇక ఆండర్సన్ స్ట్రీట్. ఓ చిన్న పత్రికల కొట్టు, మెట్లెక్కితే పైన కంప్యూటర్ గది. బాబాయికి తెలిసినాయన అక్కడ తెలుగు పత్రికలు కంపోజ్ చేస్తాడు. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు, ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లిపత్రికలకి ఇక్కడికే వస్తారు. ఈయన నాన్న సీసం అక్షరాల రోజుల్లో తెలుగు ప్రెస్సులో కంపోజిటరుగా చేశాడట. అప్పట్లో తెలుగు అచ్చంటే మద్రాసే. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైందీ ఈ ఊళ్లోనే, వావిళ్లవారి ప్రెస్సు అంతకు అరవయ్యేళ్ల ముందు నుంచీ ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఇప్పుడు ఆ కంపోజిటరు కొడుకు చేతుల్లో మిగిలింది శుభలేఖలు.

మేం కూర్చున్న కాసేపటికి సూళ్లూరుపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. తల్లి, పెళ్లికొడుకు, మేనమామ, బాగా పెద్దవయసు నాయనమ్మ. ప్రూఫు చూసుకోడానికి వచ్చారు. కంపోజ్ చేసే ఆయన ప్రూఫు చూసే పద్ధతి నాకు కొత్త. స్టీలు స్కేలు ఒక వరస కింద పెట్టి, కింది నుంచి పైకి చదువుతాడు. పైనుంచి చదివితే అర్థం మనసుని లాక్కుపోతుందట, తప్పు కంటికి ఆనదట. ఒక్కో పేరూ గట్టిగా చదివి ఆగుతాడు. ఇంటివాళ్లు ఊఁ అనాలి. ఊఁ అంటేనే స్కేలు పైకి జరుగుతుంది.

బంధుమిత్రుల అభినందనలతో, ఊఁ. ఫంక్షన్ హాలు పేరు, ఊఁ. ముహూర్తం రెండుసార్లు చదివాడు, మేనమామ ఫోన్లో పంతులు పంపిన కాగితం తీసి సరిచూశాడు. ఆహ్వానించువారు దగ్గరికి వచ్చేసరికి స్కేలు ఆగింది.

తల్లి పేరుంది. పక్కన కీర్తిశేషులు అని పెళ్లికొడుకు తండ్రి పేరుంది. ఆ తండ్రి అన్నగారి పేరు లేదు.

"పెద్దోడి పేరేదిరా?" అంది నాయనమ్మ.

ఎవరూ పలకలేదు. మేనమామ ఫ్యాన్ వైపు చూశాడు. తల్లి మెల్లిగా, "ఆయన కర్మలకి రాలేదత్తా" అంది.

"రాలేదు. వాడి తప్పే. పత్రికలో నాకు ఇద్దరు కొడుకులు."

పెళ్లికొడుకు ఇద్దరి మధ్యా కూర్చుని మోకాలి మీద పత్రిక నమూనా తిప్పుతున్నాడు. కంపోజ్ చేసే ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మౌస్ పట్టుకుని తల్లి పేరుకి కింద ఒక వరస ఖాళీ వదిలాడు, అక్షరాల సైజు అర పాయింటు తగ్గించి మొత్తం పత్రిక చెడకుండా సర్దాడు. తర్వాత, "కిందికి పోయి కాఫీ తాగి రండమ్మా. సాయంత్రం ఆరు దాకా అచ్చు ప్లేటుకి పంపను" అన్నాడు.

వాళ్లు మెట్లు దిగాక మా వైపు తిరిగి, ఆ ఖాళీ వరస తను ఎప్పుడూ ముందే లెక్కలో ఉంచుకుంటానన్నాడు. పది పత్రికల్లో కనీసం ఒకదానికి అది కావాల్సొస్తుందట. ఒకసారి ఆఖరి నిమిషంలో పేరు చేరిస్తే దేవుడి బొమ్మ చిన్నదైపోయిందట, అప్పట్నుంచి ఈ అలవాటు.

నేను ఆ కుటుంబం వెనక్కి వచ్చేదాకా ఉండలేదు. ఉంటే ఏం జరిగిందో తెలిసేది, నిజమే. కానీ వాళ్లింటి గొడవలో నాకు హక్కు లేదు. ఆ ఖాళీ వరస కంపోజ్ చేసే ఆయన పనితనం, దానిమీద రాసుకోవచ్చా అని ఆయన్నే అడిగాను. ఊరి పేరు, మనుషుల వరసలు మార్చి రాసుకోమన్నాడు. ఇక్కడ కూడా మార్చే రాశాను.

తిరుగుదారిలో బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాంబళంలో దిగాక, తన పెళ్లిపత్రికలో ఎవరెవరి పేర్లున్నాయో వరసగా చెప్పుకొచ్చాడు. ఒక్కటీ మర్చిపోలేదు.

ఆదివారం

జార్జిటౌన్‌లో హోల్‌సేల్ అంగళ్లు మూత. ట్రిప్లికేన్‌లో భారతి సాలై మీద పాత పుస్తకాల కొట్లు చూసి, సాయంత్రం మెరీనాకి నడిచాను. సముద్రం గురించి రాయడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. సుండల్ (గుగ్గిళ్లు) అమ్మే కుర్రాడు పొట్లం చుట్టే తీరు మాత్రం రాసుకున్నాను. గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకి వీపు పెట్టి చుడతాడు, కాగితం ఎగరకుండా.

సోమవారం

బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారు. అరవైల్లో బర్మాలో సైనిక ప్రభుత్వం అంగళ్లనీ వ్యాపారాలనీ జాతీయం చేసినప్పుడు బతుకుతెరువు పోయి ఓడల్లో మద్రాసు చేరినవాళ్ల కోసం 1969లో ఈ కొట్లు పెట్టించారు. చాలామంది దీన్ని తమిళుల కథ అనుకుంటారు. మనవాళ్లదీ ఇందులో పెద్ద పాలుంది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి తెలుగు కూలీలు తరాల పాటు రంగూన్ పోయారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు తెలుగువాళ్లని కోరంగీలనేవారు. రేవులో మూటలు మోసింది వాళ్లే, 1930లో రంగూన్ అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్లే. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు అడవుల గుండా నడిచి వచ్చినవాళ్లలోనూ ఉన్నారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది.

వెనకవీధిలో సాయంత్రం అయ్యేసరికి అత్తో (బర్మా నూడుల్స్) బండ్లు. ఒక బండి దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాను. నడివయసు ఆయన, చేతికి ప్లాస్టిక్ తొడుగు. వెడల్పాటి గిన్నెలో పసుప్పచ్చటి నూడుల్స్ పిడికెడు, సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, ఉల్లి, వేయించిన వెల్లుల్లి, కారం, చింతపులుసు, నూనె, నిమ్మరసం. కరకరలాడే అప్పచ్చి ఒకటి పిడికిట్లో నలిపి పైన చల్లుతాడు. అయిదు వేళ్లతో కింది నుంచి పైకి ఎత్తి కలుపుతాడు, పిసకడు. పక్కన అరటిదూట వేసి కాచిన వేడి పులుసు ఒక గిన్నెడు ఊరికే. ఉడికించిన గుడ్డుని మధ్యకి చీల్చి వేయించిన ఉల్లి కూరి ఇస్తే అది వేరే లెక్క.

తెలుగులో "కారం తక్కువేయండి" అని నాకు నేనే అనుకున్నట్టు అన్నాను. ఆయన తలెత్తి, "మా అమ్మ తెలుగే అక్కా" అన్నాడు. ఆయన తెలుగు ముక్కలు ముక్కలుగా ఉంది, మాటలు వెతుక్కుంటున్నాడు. అమ్మమ్మ రంగూన్లో పుట్టింది. అమ్మ చిన్నపిల్లగా ఓడెక్కింది. చుట్టాల్లో సగం మంది విశాఖ వెళ్లారు, వీళ్లు ఇక్కడ ఆగిపోయారు. "విశాఖలో పెళ్లికి పోతే మమ్మల్ని అరవోళ్లంటారు. ఇక్కడ బర్మావాళ్లంటారు." ఆ మాట అంటూ కూడా కలపడం ఆపలేదు. నాకూ, పక్కన నిలబడ్డ కుర్రాళ్లకీ వరసగా గిన్నెలు అందిస్తూనే ఉన్నాడు.

ఇక్కడ నేను నోట్‌బుక్ తీయలేదు. ఇది నాలుగు రోజులకొచ్చిన మనిషి రాయాల్సిన కథ కాదనిపించింది. ఆ ఓడలో ఏం తెచ్చుకోనిచ్చారు, ఏం లాక్కున్నారు, దిగాక మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఇవన్నీ తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉండగానే ఎవరైనా పోయి కూర్చుని వినాలి. విశాఖలో ఉండే కథకులెవరైనా ఇది చదువుతుంటే, బర్మా క్యాంపు మీకు సిటీబస్సు దూరం. దయచేసి వెళ్లండి.

మంగళవారం

పొద్దుట్నుంచి పిన్ని డైనింగ్ టేబుల్ మీద రాస్తూ కూర్చున్నాను. శుభలేఖ కథ. పత్రిక కింది నుంచి పైకి చదువుతూ ఉంటే కుటుంబం పేరు పేరునా బయటపడే పద్ధతిలో నడుస్తోంది. రెండు పేజీలయ్యాక పిన్నికి చదివి వినిపించాను. నాయనమ్మ దగ్గర ఆపింది.

"ఆ వయసామె కోడలితో ఇంత పొడుగు మాటలాడదే. ఒక్క ముక్క అని ఊరుకుంటది."

నాలుగు వాక్యాలు కొట్టేశాను. బాగుపడింది.

ఆగిపోయింది ఇంకో చోట. పైన ఉండే వధూవరుల పేర్లు బంగారు రంగులో మెరుస్తూ వేలికి తగులుతాయి కదా, అది ఎట్లా అచ్చేస్తారో నాకు సరిగ్గా తెలియదు. వేడి దిమ్మతో రేకుని కాగితం మీద నొక్కుతారని బాబాయి అన్నాడు గానీ, ఆ దిమ్మ ఎంతసేపు కాగాలి, కార్డు వంకరపోకుండా ఏం చేస్తారు, తప్పు పడితే ఆ పేరు చెరపొచ్చా లేక కార్డు పారేయాల్సిందేనా? నా కథలో మూడో పేజీ ఈ చివరి ప్రశ్న మీద ఆధారపడి ఉంది. కంపోజ్ చేసే ఆయనకి బాబాయి ఫోన్ చేశాడు. రేపు పదింటికి మిషన్ దగ్గరికి రమ్మన్నాడు. నెల్లూరు బండి మధ్యాహ్నం కాబట్టి పెట్టె సర్దుకుని పొద్దున్నే ఆండర్సన్ స్ట్రీట్‌కి పోయి, అట్నుంచి అటే స్టేషన్‌కి పోతాను.